క్యాన్సర్ కణాల మీద వేడినీ మందునూ కలిపి పరీక్షించడం ఎలా: విజయవాడ, గుంటూరు ల్యాబుల విద్యార్థులకు

క్యాన్సర్ కణాల మీద ఒక మందు విడిగా ఎంత పనిచేస్తుందో చూడడం మన ప్రాంతంలోని బయోటెక్నాలజీ, ఫార్మసీ విభాగాల్లో ఇప్పుడు మామూలు ప్రాజెక్టుగా మారింది. అదే మందుకు వేడిని గానీ, విద్యుత్ పల్సులను గానీ, కాంతిని గానీ, రేడియేషన్‌ను గానీ జోడించి చూడడం మాత్రం వేరే రకమైన పని. మందు మోతాదును పిపెట్ కొలిచిపెడుతుంది, కానీ వేడి మోతాదును మీరే కొలవాలి. వేడి, మందు కలిస్తే అద్భుతంగా పనిచేశాయని చెప్పే విద్యార్థి ఫలితాల్లో చాలా వాటి వెనుక అసలు కారణం కణాలకు తగిలిన ఉష్ణోగ్రతను ఎవరూ కొలవకపోవడమేనని నా గట్టి నమ్మకం. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ కొలత గురించే ఉంటుంది.

భౌతిక చికిత్సల్లో వేడినే ఎంచుకోమనడానికి కారణం సులువైనదే. విద్యుత్ పల్సులతో బ్లియోమైసిన్‌ను కణాల్లోకి పంపే పద్ధతికి ఎలక్ట్రోపొరేటర్ కావాలి. రేడియేషన్‌తో చేయాలంటే లీనియర్ యాక్సిలరేటర్ అనే రేడియేషన్ యంత్రం ఉన్న ఆసుపత్రితోనూ, అక్కడి మెడికల్ ఫిజిసిస్టుతోనూ ముందుగా ఒప్పందం ఉండాలి. వేడికి మంచి వాటర్ బాత్ ఒకటి, నమ్మదగిన థర్మామీటర్ ఒకటి ఉంటే చాలు. వడ్డేశ్వరం, వడ్లమూడి, నాగార్జున నగర్ ప్రాంగణాల స్థాయి ల్యాబులో ఈ రెండూ సమకూర్చుకోవడం కష్టం కాదు.

కణాలు, మందు

మొదటి ప్రయోగానికి హీలా కణాలను, సిస్‌ప్లాటిన్‌ను తీసుకోండి. హీలా కణాలు 1951లో హెన్రియెటా లాక్స్ అనే మహిళ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గడ్డ నుంచి వచ్చాయి. అప్పట్లో ఆమె అనుమతి ఎవరూ అడగలేదు. ఈ కణాలతో పనిచేసే ప్రతి విద్యార్థికీ ఆ సంగతి తెలిసి ఉండాలి. కణాలను పక్క ల్యాబు నుంచి అడిగి తెచ్చుకోకుండా పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం, అంటే ఎన్.సి.సి.ఎస్. వంటి గుర్తింపు ఉన్న భాండాగారం నుంచి తెప్పించుకోండి. చేతులు మారిన కణాల్లో ఒక రకం పేరుతో మరో రకం పెరగడం దశాబ్దాలుగా ఉన్న సమస్య. కణాలు వచ్చిన వెంటనే మైకోప్లాస్మా (కణాల మధ్య కంటికి కనబడకుండా పెరిగే బాక్టీరియా) పరీక్ష చేయించి, తొలి తరాల కణాలను ద్రవ నత్రజనిలో భద్రపరచండి. పని మొదలుపెట్టే ముందు సంస్థలోని బయోసేఫ్టీ కమిటీకి తెలియజేయాలి.

సిస్‌ప్లాటిన్‌ను ఎంచుకోవడానికి రెండు కారణాలు ఉన్నాయి. ఇది వేడితో కలిసినప్పుడు బలం పుంజుకునే మందని ఎన్నో ల్యాబుల్లో రుజువైంది. వేడి వల్ల మందు కణంలోకి ఎక్కువగా చేరుతుంది, డి.ఎన్.ఎ. మీద అది చేసే గాయాలు పెరుగుతాయి, ఆ గాయాలను బాగుచేసుకునే యంత్రాంగం మందగిస్తుంది. 5-ఫ్లోరోయురాసిల్, మెథోట్రెక్సేట్ వంటి మందుల్లో ఇలాంటి కలయిక బలం సాధారణంగా కనిపించదు. కాబట్టి వీటిలో ఒకదాన్ని పోలిక కోసం పక్కన పెట్టుకుంటే, మీ పద్ధతి ప్రతి మందుకూ బలం వచ్చినట్టు చూపిస్తోందా, నిజంగా బలం ఉన్నచోటే చూపిస్తోందా అన్నది తేలుతుంది. రెండో కారణం సిస్‌ప్లాటిన్ పుట్టుకలోనే ఉంది. 1960లలో అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బర్నెట్ రోజెన్‌బర్గ్ బృందం ప్లాటినం ఎలక్ట్రోడ్ల ద్వారా బాక్టీరియా ఉన్న ద్రవంలోకి విద్యుత్తును పంపింది. కణాలు విభజన ఆపేసి దారాల్లా సాగిపోయాయి. దానికి కారణం విద్యుత్ క్షేత్రం కాదనీ, ఎలక్ట్రోడ్ల నుంచి కరిగి ద్రవంలో ఏర్పడిన ప్లాటినం సమ్మేళనాలనీ ఆ బృందం పట్టుదలగా వెతికి తేల్చింది. 1965లో ఆ ఫలితం ప్రచురితమైంది, 1978లో అమెరికాలో సిస్‌ప్లాటిన్ మందుగా ఆమోదం పొందింది. భౌతిక శక్తి ప్రభావం అనుకున్నది రసాయన ప్రభావంగా తేలిన ఆ ఉదంతాన్ని, కింద చెప్పబోయే కంట్రోళ్లను, అంటే పోలిక కోసం పెట్టే ఫ్లాస్కులను, ఏర్పాటు చేసుకునేటప్పుడు గుర్తుంచుకోండి.

ఇంజెక్షన్ రూపంలో దొరికే సిస్‌ప్లాటిన్ సాధారణంగా మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము గాఢతలో ఉంటుంది. అణుభారం సుమారు 300 కాబట్టి ఇది దాదాపు 3.33 మిల్లీమోలార్‌కు సమానం. ఒక మిల్లీలీటరు మీడియంలో (కణాలు పెరిగే పోషక ద్రవంలో) 3 మైక్రోలీటర్లు కలిపితే సుమారు 10 మైక్రోమోలార్ వస్తుంది. పొడిగా కొన్నట్టయితే 0.9 శాతం ఉప్పు ద్రావణంలోనే కరిగించండి. డి.ఎం.ఎస్.ఓ. అనే ద్రావణిలో కరిగించకండి, ఎందుకంటే అది సిస్‌ప్లాటిన్‌తో చర్య జరిపి దాని శక్తిని దెబ్బతీస్తుంది. మిగతా మందులన్నింటికీ డి.ఎం.ఎస్.ఓ. వాడే అలవాటుతో దీనికీ అదే వాడడం చాలా చోట్ల జరుగుతున్న తప్పు. వట్టి డిస్టిల్డ్ వాటర్ కూడా పనికిరాదు, క్లోరైడ్ లేని నీటిలో అణువు మారిపోతుంది. సీసాను వెలుతురు తగలకుండా ఉంచాలి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకూడదు, చలికి స్ఫటికాలు కట్టి అడుగున పేరుకుంటాయి. 15 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచమని తయారీదారులు చెబుతారు. మన వేసవిలో ఆ ఉష్ణోగ్రత రాత్రీ పగలూ ఏ.సి. నడిచే గదిలోనే సాధ్యమవుతుంది కాబట్టి, సీసా ఉండే అలమార ఏ గదిలో ఉందో ముందే చూసుకోండి.

వేడిని మోతాదుగా లెక్కించడం

కణాలకు ఇచ్చిన వేడిని "43 డిగ్రీలు, ఒక గంట" అని రాసి వదిలేస్తే సరిపోదు. 1984లో సపరెటో, డ్యూయీ ప్రతిపాదించిన లెక్క ప్రకారం ఏ ఉష్ణోగ్రతలో ఎంతసేపు ఉంచినా దాన్ని 43 డిగ్రీల దగ్గర సమానమైన నిమిషాలుగా మార్చుకోవచ్చు. 43 పైన ఒక్కో డిగ్రీకి నిమిషాలను రెట్టింపు చేయాలి, 43 కింద ఒక్కో డిగ్రీకి నాలుగో వంతు చేయాలి. ఆ లెక్కన 60 నిమిషాల వేడి 44 డిగ్రీల దగ్గర 120 నిమిషాలకు సమానం, 42 దగ్గర 15 నిమిషాలకు, 41 దగ్గర 4 నిమిషాలకు కొంచెం తక్కువకు సమానం. ఇక 42.5 దగ్గర 30 నిమిషాలే అవుతుంది. అంటే మీ బాత్ మీద 43 అని కనిపిస్తున్నా ఫ్లాస్కులోని మీడియం 42.5 దగ్గరే ఆగిపోతే, మీరు ఇచ్చామనుకున్న వేడిలో సగమే కణాలకు అందింది. మందు విషయంలో సగం మోతాదు తప్పిపోతే ఎవరూ ఊరుకోరు, వేడి విషయంలో కూడా ఊరుకోకూడదు.

ఈ కారణంగా కణాలు లేకుండా ఒక రిహార్సల్ చేయండి. టి-25 ఫ్లాస్కులో (25 చదరపు సెం.మీ. అడుగు ఉండే కణాల సీసాలో) 5 మి.లీ. మీడియం పోసి, మూతకు సన్నని రంధ్రం చేసి, ఉష్ణోగ్రత కొలిచే పలుచని థర్మోకపుల్ తీగను కణాలు అంటుకునే అడుగు భాగాన్ని తాకేలా లోపలికి దించండి. ఈ ఫ్లాస్కు ఇకపై కొలతకే, దీనిలో కణాలు పెంచరు. థర్మోకపుల్‌ను, ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు ఉన్న కేంద్రంలో కాలిబ్రేట్ చేయించి, ఆ ధ్రువపత్రం నకలును నోట్‌బుక్‌లో అతికించండి. ఫ్లాస్కును బాత్‌లో పెట్టి ప్రతి 30 సెకన్లకూ ఉష్ణోగ్రత రాసుకుంటూ వెళితే, మీడియం అనుకున్న ఉష్ణోగ్రతకు చేరడానికి ఎంతసేపు పడుతుందో, చేరాక ఎంత ఊగిసలాడుతుందో తెలుస్తుంది. ప్రయోగ సమయాన్ని మీడియం ఆ ఉష్ణోగ్రతకు చేరిన క్షణం నుంచి లెక్కించాలి, ఫ్లాస్కును నీళ్లలో పెట్టిన క్షణం నుంచి కాదు. ఊగిసలాట 0.1 డిగ్రీకి మించకపోతే మంచిది, 0.2 దాటితే ఆ బాత్‌తో ఈ పని చేయకండి.

వాటర్ బాత్ గురించి ఇంకొంత చెప్పాలి. లోపల నీటిని తిప్పే పంపు లేని బాత్‌లో మూలకూ మధ్యకూ ఉష్ణోగ్రత తేడా ఉంటుంది. బోరు నీరు పోస్తే హీటర్ మీద సున్నం పేరుకుని అది ఆలస్యంగా స్పందించడం మొదలుపెడుతుంది కాబట్టి డిస్టిల్డ్ వాటర్ పోయండి. ఫ్లాస్కులో ఎక్కువ భాగం గాలే కాబట్టి అది తేలుతుంది, ఒక పక్కకు ఒరుగుతుంది. స్టీల్ స్టాండులో బిగించి, కణాలు ఉన్న అడుగు భాగం కింద గాలి బుడగ చిక్కుకోకుండా, బయటి నీటి మట్టం లోపలి మీడియం మట్టానికి పైన ఉండేలా ముంచండి. ఫిల్టర్ మూతలు నీటిని పీల్చుకుంటాయి, గట్టిగా బిగిసే మామూలు మూతలు వాడి పైన పారాఫిల్మ్ చుట్టండి. బాత్ నుంచి బయటికి తీశాక బయటి భాగాన్ని 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచాకే హుడ్‌లోకి, అంటే శుద్ధమైన గాలి ఉండే పని అరలోకి, తీసుకెళ్లాలి.

తొంభై ఆరు గుంటల ప్లేటును గాలి ఇంక్యుబేటర్‌లో వేడి చేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. గాలి ద్వారా ప్లేటు వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, అంచు గుంటలకూ మధ్య గుంటలకూ అందే వేడి వేరుగా ఉంటుంది, అంచుల్లో మీడియం ఆవిరై మందు గాఢత పెరుగుతుంది.

మన వేసవి, మన కరెంటు

పుస్తకాల్లో కనిపించని ఇబ్బంది ఒకటి ఇక్కడ ఉంది. సాధారణ కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్‌కు వేడి చేసే ఏర్పాటే ఉంటుంది, చల్లబరిచే ఏర్పాటు ఉండదు. గది ఉష్ణోగ్రత దానికి పెట్టిన ఉష్ణోగ్రత కంటే కనీసం 5 డిగ్రీలు తక్కువగా ఉంటేనే అది 37 దగ్గర నిలబడగలదు. మే నెలలో విజయవాడలో బయట 45 డిగ్రీలు దాటిన రోజులు ఉన్నాయి. అలాంటి మధ్యాహ్నం కరెంటు పోయి, జనరేటర్ ఇంక్యుబేటర్‌ను నడిపిస్తూ ఏ.సి.ని నడపకపోతే, గది 35 దాటేసరికి ఇంక్యుబేటర్ లోపల 39, 40 డిగ్రీలకు చేరవచ్చు. కణాలు చావవు, చూడడానికి బాగానే ఉంటాయి. కానీ స్వల్పంగా వేడి తగిలిన కణాలు హెచ్.ఎస్.పి.70 వంటి రక్షక ప్రోటీన్లను తయారుచేసుకుని తర్వాత వచ్చే వేడిని తట్టుకునే శక్తి సంపాదిస్తాయి. ఈ శక్తి 2 నుంచి 3 రోజుల దాకా నిలుస్తుంది. మర్నాడు మీరు 43 డిగ్రీల ప్రయోగం చేస్తే, ఆ కణాలు తట్టుకుని నిలబడి, వేడికి బలమే లేదని మీకు చెబుతాయి.

కాబట్టి ఇంక్యుబేటర్ లోపల అత్యధిక, అత్యల్ప ఉష్ణోగ్రతలను గుర్తుపెట్టుకునే చిన్న డేటా లాగర్ ఒకటి శాశ్వతంగా ఉంచండి. ప్రయోగానికి ముందు 72 గంటల్లో అది 38 దాటినట్టు చూపిస్తే ఆ కణాలను ప్రయోగానికి వాడకండి, మళ్లీ పెంచుకోండి. ఏ.సి.ని కూడా జనరేటర్ లైనులో కలిపించమని విభాగాధిపతికి రాతపూర్వకంగా అడగండి. నిధులు తక్కువని ఆ పని వాయిదా పడుతుంటే, ఈ తరహా ప్రయోగాలను నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యకు పెట్టుకోవడం మంచిది. ఒకసారి వేడి ఇచ్చిన కణాలకే మర్నాడు రెండోసారి వేడి ఇవ్వకూడదన్న నియమం కూడా ఇదే కారణంతో వచ్చింది.

ప్రయోగం నడిపే విధానం

ముందుగా మందు విడిగా, వేడి విడిగా ఎంత పనిచేస్తాయో చూసుకోండి. సిస్‌ప్లాటిన్‌ను 0, 0.5, 1, 2, 4, 8 మైక్రోమోలార్ గాఢతల్లో 37 డిగ్రీల దగ్గర ఒక గంట ఇవ్వండి. కొన్ని కణాలకు ఈ ఒక గంటలో తగినంత ప్రభావం కనిపించకపోవచ్చు, అప్పుడు గాఢత పెంచండి. మందు లేకుండా 41, 42, 43 డిగ్రీల వేడిని ఒక్కో గంట ఇవ్వండి. విడిగా ఇచ్చినప్పుడే 90 శాతం కణాలను చంపే మోతాదును కలయికలో వాడితే, పెరగడానికి చోటు మిగలదు కాబట్టి బలం కనిపించదు. విడిగా 20 నుంచి 50 శాతం చంపే మోతాదులను కలయికకు ఎంచుకోండి.

కలయిక రోజున కణాలను ఫ్లాస్కుల్లో వేసి, అవి అడుగుకు అంటుకున్నాక, ఒకటికి రెండుగా విభజన చెందకముందే, అంటే సుమారు 4 నుంచి 6 గంటలకు ప్రయోగం మొదలుపెట్టండి. పాత మీడియం తీసేసి, పి.హెచ్.ను నిలబెట్టే హెపెస్‌ను 20 మిల్లీమోలార్ కలిపిన మీడియం పోయండి. బయటి గాలిలో మీడియం క్షారగుణం వైపు జరగకుండా ఇది ఆపుతుంది. కణాల చుట్టూ ఆమ్లగుణం పెరిగితే వేడి ఎక్కువగా చంపుతుంది కాబట్టి, అన్ని ఫ్లాస్కుల్లో పి.హెచ్. ఒకేలా ఉండాలి. మీడియం ఎరుపు పసుపు వైపు తిరిగిన ఫ్లాస్కును పక్కన పెట్టేయండి. మీడియంలో కలిపే సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం) కూడా ప్రయోగం మొత్తానికీ ఒకే బ్యాచ్‌ది వాడాలి, ఎందుకంటే సిస్‌ప్లాటిన్ సీరం ప్రోటీన్లకు అతుక్కుంటుంది. ముందే వెచ్చబెట్టిన మీడియంలో మందు కలిపి ఫ్లాస్కులో పోసి వెంటనే బాత్‌లో ముంచండి. గంట పూర్తయ్యాక మందు తీసేసి, రెండుసార్లు కడిగి, తాజా మీడియం పోసి ఇంక్యుబేటర్‌లో పెట్టండి. వేడి, మందు ఒకేసారి ఇవ్వడమే సిస్‌ప్లాటిన్‌కు ఎక్కువ ఫలితం ఇచ్చే వరుస. సమయం ఉంటే మందు ముందు ఇచ్చి వేడి తర్వాత, వేడి ముందు ఇచ్చి మందు తర్వాత ఇచ్చే వరుసలు కూడా చేయండి.

కంట్రోళ్లలో మూడింటిని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. మొదటిది, ఏ చికిత్సా లేని ఫ్లాస్కును కూడా 37 డిగ్రీల బాత్‌లో అదే గంటసేపు ముంచి ఉంచడం, ఎందుకంటే ఇంక్యుబేటర్ నుంచి తీసి ముంచి కడగడమే కణాలకు కొంత ఒత్తిడి. రెండోది, కణాలు లేకుండా మీడియంలో మందు కలిపి 43 డిగ్రీలకు గంటసేపు వేడి చేసి, 37కు చల్లార్చి, ఆ తర్వాత కణాలకు ఇవ్వడం. వేడి మందు అణువునే మార్చేసిందా, కణాన్ని మార్చిందా అన్నది దీనితోనే తేలుతుంది. మూడోది, మందు లేని మీడియంను అలాగే వేడి చేసి ఇవ్వడం. రోజెన్‌బర్గ్ ఉదంతం నేర్పిన జాగ్రత్త ఇదే.

ఫలితాన్ని కొలవడం, లెక్కించడం

కణాలు బతికున్నాయో రంగు మార్పుతో అంచనా వేసే ఎం.టి.టి. పరీక్ష సులువు, చవక. కానీ అది కణంలోని ఎంజైముల పనిని కొలుస్తుంది, కణం బతికి విభజన చెందగలదా అన్నది నేరుగా కొలవదు. వేడి తగిలిన కొన్ని గంటల పాటు ఆ ఎంజైములే మందగిస్తాయి కాబట్టి, అదే రోజు ఎం.టి.టి. చేస్తే బతికే కణాలు కూడా చచ్చినట్టు కనిపిస్తాయి. 48 నుంచి 72 గంటలు ఆగాకే చేయండి, అది కూడా ప్రాథమిక అంచనాకే. తుది తీర్పు పక్, మార్కస్ 1956లో చూపిన కాలనీ పరీక్షది. కణాలను పలుచగా వేసి 10 నుంచి 14 రోజులు కదపకుండా ఉంచి, క్రిస్టల్ వయొలెట్ రంగు వేసి, 50 లేదా అంతకుమించి కణాలున్న గుంపులను లెక్కపెట్టాలి.

చికిత్స లేని ఫ్లాస్కులో 200 కణాలు వేస్తే 120 కాలనీలు వచ్చాయనుకోండి. నాటుకునే సామర్థ్యం 0.6 అన్నమాట. గట్టి మోతాదు ఇచ్చే ఫ్లాస్కులో 2000 కణాలు వేస్తే 60 కాలనీలే వచ్చాయనుకుంటే, బతికిన వంతు 60ని 2000 × 0.6తో భాగించగా వచ్చే 0.05. మోతాదు పెరిగే కొద్దీ వేసే కణాల సంఖ్యను కూడా పెంచాలని దీన్ని బట్టి తెలుస్తుంది. లేకపోతే లెక్కపెట్టడానికి కాలనీలే ఉండవు.

సినర్జీ, అంటే రెండూ కలిసినప్పుడు విడివిడి ప్రభావాలను మించిన బలం, ఉందా లేదా అన్నది తేల్చడానికి బ్లిస్ సూత్రం మొదటి మెట్టుగా సరిపోతుంది. మందు విడిగా ఇస్తే 0.60 వంతు, వేడి విడిగా ఇస్తే 0.80 వంతు కణాలు బతికితే, రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పనిచేసినప్పుడు బతకవలసిన వంతు వాటి లబ్ధం 0.48. కలిపి ఇచ్చినప్పుడు 0.46 వస్తే అది కేవలం రెండింటి కూడిక మాత్రమే, దాన్ని సినర్జీ అని రాయకండి. 0.25 వచ్చి, వేర్వేరు రోజుల్లో వేర్వేరుగా పెంచిన కణాలతో చేసిన కనీసం 3 ప్రయోగాల్లోనూ అదే ధోరణి ఉంటే, అప్పుడు రాయవచ్చు. ఒకే రోజు వేసిన 6 గుంటలను 6 ప్రయోగాలుగా లెక్కించడం తగదు. ఒక్క మోతాదు దగ్గర కాకుండా అనేక మోతాదుల మీద చూడాలనుకుంటే 1984లో చౌ, తలాలే ప్రతిపాదించిన కాంబినేషన్ ఇండెక్సును వాడండి. అది 1 కంటే తక్కువైతే సినర్జీ, ఎక్కువైతే ఒకటి మరొకదాన్ని అడ్డుకుంటోందని అర్థం. అదే మోతాదులను క్యాన్సర్ లేని మామూలు చర్మ కణాలైన ఫైబ్రోబ్లాస్టులకూ ఇచ్చి చూడండి. ఆ కణాలు కూడా అంతే చస్తే, మీరు కనుగొన్నది క్యాన్సర్‌ను వేరుచేసి దెబ్బతీసే పద్ధతి కాదు.

ఈ ఫలితాలను ఆసుపత్రికి అన్వయించే ముందు చాలా దూరం ఉంది. ఆసుపత్రుల్లో వేడి, సిస్‌ప్లాటిన్ కలయికను అండాశయ క్యాన్సర్‌లో శస్త్రచికిత్స సమయంలో ఉదర కుహరంలోకి నేరుగా వాడిన పరీక్ష ఫలితాలు 2018లో వెలువడ్డాయి. అక్కడ ద్రవాన్ని 40 డిగ్రీల దగ్గర 90 నిమిషాలు ఉంచారు, శస్త్రచికిత్స బృందం, మత్తు వైద్యులు, కిడ్నీలను కాపాడే ఏర్పాట్లు అన్నీ ఉన్నాయి. ఇంట్లో వేడినీళ్ల సంచితో కాపడం పెట్టడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మీ ప్రాజెక్టు గురించి తెలిసి బంధువులు అడిగినప్పుడు ఈ మాట స్పష్టంగా చెప్పండి, చికిత్స విషయం వారి క్యాన్సర్ వైద్యుడికే వదిలేయండి.

పని ముగిశాక

సిస్‌ప్లాటిన్ మనుషుల కణాలకూ హానికరమే. రెండు జతల నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, పొడిని తూచేటప్పుడు హుడ్ బయట మూత తీయకండి. మందు తగిలిన మీడియం, కడిగిన ద్రవం, టిప్పులు, ఫ్లాస్కులు ఏవీ సింకులోకి గానీ మామూలు చెత్తలోకి గానీ పోకూడదు. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం వీటిని సైటోటాక్సిక్ గుర్తు ఉన్న పసుపు సంచిలో లేదా డబ్బాలో వేరుగా ఉంచి, 1200 డిగ్రీలకు పైగా దహనం చేసే ఏర్పాటుకు అప్పగించాలి. ఆటోక్లేవ్ సూక్ష్మజీవులను చంపుతుంది కానీ ఈ మందును నిర్వీర్యం చేస్తుందని అనుకోకండి. నోట్‌బుక్‌లో ప్రతి ఫ్లాస్కుకూ ఆ రోజు నమోదైన ఉష్ణోగ్రత రేఖ, 43 డిగ్రీలకు సమానమైన నిమిషాలు, మందు బ్యాచ్ సంఖ్య, సీరం బ్యాచ్ సంఖ్య, కణాల పాసేజ్ సంఖ్య (కణాలను కొత్త ఫ్లాస్కులోకి ఎన్నిసార్లు మార్చారో), ఇంక్యుబేటర్ లాగర్ చూపిన అత్యధిక ఉష్ణోగ్రత రాసి, అదే రోజు మీ గైడ్‌తో సంతకం పెట్టించండి.